సీరియల్ అర్ధాంతరంగా ఆగింది: సరిహద్దుకు ఇవతల మనం చూసింది ఎవరి లెక్కలోకి వెళుతోంది?

ఋషికుల్య (బరంపురం)
ఆదివారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. సరిహద్దుకు ఇవతల, ఒడిశాలోని బరంపురం నుంచి రాస్తున్నాను. మా అమ్మ రెండేళ్ళుగా రాత్రి ఏడున్నరకు విడవకుండా చూస్తున్న ఒక తెలుగు డైలీ సీరియల్ నిన్నటితో ఆగిపోయింది. సోమవారం దాకా కోర్టులో నలుగుతున్న కథను ఆరు రోజుల్లో ముగించేశారు. తప్పిపోయిన బిడ్డ దొరకలేదు, కేసులో తీర్పు రాలేదు. పెద్ద కోడలు చేసిన మోసం మాత్రం ఒక్క క్షమాపణతో మాఫీ అయిపోయింది. చివరికి అందరూ వరుసగా నిలబడి నమస్కారం పెట్టగానే శుభం కార్డు పడింది.

మా వీధిలో అప్పడాల పని చేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు సాయంత్రం పని ముగించుకుని మా ఇంటికే వచ్చి ఈ సీరియల్ చూసేవారు. నిన్న కార్డు పడ్డాక ఎవరూ లేవలేదు. "ఆ పిల్ల ఏమైందో చెప్పకుండా ఎలా ఆపేస్తారురా?" అని అమ్మ నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఒక సీరియల్ ఉండాలా పోవాలా అన్నది ఎవరు, ఏ లెక్కతో నిర్ణయిస్తారో, మనలాంటి వాళ్ళు ఉత్తరం రాస్తే ఎవరైనా చదువుతారో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

వంశధార (పర్లాకిమిడి)
ఆదివారం, రాత్రి 10:25

ఋషికుల్య గారూ, నేను విశాఖపట్నంలో ఒక ప్రకటనల సంస్థలో పదకొండేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ లెక్క సంగతి కొంత చెప్పగలను.

దేశంలో టీవీ ప్రేక్షకులను లెక్కపెట్టే సంస్థ బార్క్. ఇందులో టీవీ సంస్థలకు 60 శాతం, ప్రకటనదారులకు 20 శాతం, ప్రకటనల ఏజెన్సీలకు 20 శాతం వాటా ఉంది. ఇది 2015లో రేటింగులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంపిక చేసిన ఇళ్ళలో ఒక మీటరు పెడతారు. చానెళ్ళ శబ్దంలో మన చెవికి వినపడని ఒక గుర్తు కలిపి ఉంటుంది, మీటరు ఆ గుర్తును పట్టుకుని ఏ చానెల్ నడుస్తోందో నమోదు చేస్తుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో బటన్ కేటాయిస్తారు. దేశం మొత్తంలో ఇటువంటి ఇళ్ళు కొన్ని పదుల వేలు మాత్రమే, వాటి చిరునామాలు రహస్యంగా ఉంచుతారు. ప్రతి గురువారం వచ్చే అంకెలను బట్టి పది సెకన్ల ప్రకటన ధర నిలబడుతుంది, లేదా పడుతుంది. వరసగా కొన్ని వారాలు అంకె పడిపోతే ముందు స్లాటు మారుస్తారు, రాత్రి ఏడున్నర నుంచి మధ్యాహ్నానికి నెడతారు, అప్పటికీ కోలుకోకపోతే ముగించమని నిర్మాతకు చెబుతారు. ఆ మాట చెప్పడానికీ చివరి షూటింగుకూ మధ్య రెండు మూడు వారాల కంటే ఎక్కువ వ్యవధి దొరకదు. మీ అమ్మగారు చూసిన ఆ హడావుడి ముగింపు అలా వచ్చిందే అయి ఉంటుంది.

ఇక మనకు సంబంధించిన అసలు విషయం వేరే ఉంది. తెలుగు చానెళ్ళ ర్యాంకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపిన మార్కెట్ అంకెల మీద నడుస్తాయి. ఒడిశాలోని ఇళ్ళలో పెట్టిన మీటర్లు ఒడిశా మార్కెట్ కింద నమోదవుతాయి. బరంపురంలో మీ ఇంటికే మీటరు పెట్టారని అనుకున్నా, మీ అమ్మగారు రెండేళ్ళు చూసిన చూపు తెలుగు సీరియల్ బతుకును నిర్ణయించే ఆ పట్టికలోకి వెళ్ళదు. సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో ఉన్న మీ బంధువుల ఇంట్లో మీటరు ఉంటే వెళుతుంది.

నాగావళి (రాయగడ)
ఆదివారం, రాత్రి 11:05

వంశధార గారు రాసింది రెండుసార్లు చదివాను, చదివిన కొద్దీ బాధ కలిగింది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పట్టుమని అరగంట ప్రయాణం. అదే భాష మాట్లాడుతూ అదే సీరియల్ చూసే ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరి చూపుకు విలువ ఉండి, రెండవవారి చూపుకు లేకపోవడం నాకు మింగుడు పడడం లేదు.

పైగా మనం చూడడానికి ఎక్కువ డబ్బు కూడా కడుతున్నాం. 2019 ఫిబ్రవరిలో చానెళ్ళను విడివిడిగా కొనుక్కునే పద్ధతి వచ్చినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. అంతకు ముందు మా కేబుల్ ఆయన ఒడియా, తెలుగు, హిందీ అన్నీ కలిపి ఇచ్చేవాడు. కొత్త పద్ధతిలో మాకు ఇచ్చిన ప్యాక్‌లో ఒడియా చానెళ్ళు ఉన్నాయి, తెలుగువి లేవు. మా అత్తగారు వారం రోజులు ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత తెలుగు ప్యాక్ వేరుగా వేయించుకున్నాం. ఇప్పటికీ నెలనెలా ఆ అదనపు డబ్బు కడుతూనే ఉన్నాం. డబ్బు తీసుకునేటప్పుడు మనం తెలుగు ప్రేక్షకులం, లెక్కపెట్టేటప్పుడు ఒడిశా వాళ్ళం.

కొలాబ్ (జయపురం)
సోమవారం, ఉదయం 7:15

ఉత్తరాలు పనిచేస్తాయా అని ఋషికుల్య అన్నయ్య అడిగారు. అమెరికాలో పనిచేసిన సందర్భాలు ఉన్నాయి, అయితే వాటి ముగింపు కూడా తెలుసుకోవాలి.

ఎన్‌బీసీ అనే నెట్‌వర్క్ 1966లో స్టార్ ట్రెక్ అనే సీరియల్ మొదలుపెట్టింది. రెండో ఏడాది అది ఆగిపోతుందన్న మాట బయటకు రాగానే బ్జో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే అభిమాన దంపతులు దేశమంతటా ఉత్తరాల ఉద్యమం నడిపారు. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1968 మార్చి 1న ఎపిసోడ్ పూర్తవగానే, సీరియల్ కొనసాగుతుందని నెట్‌వర్క్ తెర మీదే ప్రకటించవలసి వచ్చింది. అయితే మూడో ఏడాది దానికి శుక్రవారం రాత్రి పది గంటల సమయం ఇచ్చారు. ఆ సీరియల్‌ను ఇష్టపడే యువకులు ఆ వేళకు ఇంట్లో ఉండరు. 1969లో 79 ఎపిసోడ్లతో అది ఆగిపోయింది. తరువాతి సంవత్సరాలలో స్థానిక స్టేషన్లు ఆ పాత ఎపిసోడ్లనే పదేపదే వేయడంతో దానికి అసలైన ఆదరణ వచ్చింది, సినిమాలూ కొత్త సీరియళ్ళూ పుట్టాయి.

రెండోది మన సమస్యకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 2007లో సీబీఎస్ నెట్‌వర్క్ జెరికో అనే సీరియల్‌ను మొదటి సీజన్‌తోనే రద్దు చేసింది. ఆ కథలో కథానాయకుడు పలికే "నట్స్" (గింజలు అని కూడా అర్థం) అనే మాటను పట్టుకుని ప్రేక్షకులు దాదాపు 20 టన్నుల వేరుశనగ గింజలు ఆ సంస్థ కార్యాలయాలకు పంపారు. సంస్థ దిగివచ్చి మరో ఏడు ఎపిసోడ్లు తీయించింది. కొనసాగింపు ప్రకటిస్తూనే, ప్రసారం అయ్యే సమయంలోనే టీవీలో చూడమనీ, కొత్త ప్రేక్షకులను తీసుకురమ్మనీ అభిమానులను కోరింది. ఎందుకంటే వాళ్ళలో చాలామంది రికార్డు చేసుకునో ఇంటర్నెట్‌లోనో చూసేవారు, ఆ చూపులు అప్పటి రేటింగులో సరిగా లెక్కకు రాలేదు. 2008 మార్చిలో ఆ సీరియల్ మళ్ళీ ఆగిపోయింది. ఇరవై టన్నుల ప్రేమ చూపించగలిగిన ప్రేక్షకులు కూడా పట్టికలో కనబడకపోతే ఒక్క ఏడాది మాత్రమే దాన్ని నిలబెట్టగలిగారు.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
సోమవారం, మధ్యాహ్నం 1:30

మీ ఒడిశా వైపు ఉన్న బాధే మా మహారాష్ట్ర వైపూ ఉంది. ప్రాణహిత నది దాటితే తెలంగాణ. ఇవతల ఉన్న మా చూపు మహారాష్ట్ర పద్దులోకి పోతుంది.

అయితే ప్రేక్షకులు ఏమీ చేయలేరన్న నిరాశకు నేను ఒప్పుకోను. కార్తీకదీపం సంగతే చూడండి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచిన సీరియల్ అది. 2022లో వంటలక్క, డాక్టర్ బాబు పాత్రలు చనిపోయినట్టు చూపించి కథను వాళ్ళ పిల్లల తరానికి మార్చారు. జనం ఊరుకోలేదు. కొందరు తిట్టారు, ఎక్కువమంది మౌనంగా రిమోట్ తిప్పేశారు, రేటింగు పడిపోయింది. ఆ ఏడాదిలోనే ఆ ఇద్దరినీ బతికించి వెనక్కి తీసుకురావలసి వచ్చింది. 2023 జనవరి 23న ఆ సీరియల్ ముగిసింది, 2024 మార్చి 25న అదే జంటతో కొత్త కథగా రెండోది మొదలైంది. కథకు ప్రాణం పోసే శక్తి ప్రేక్షకుల దగ్గర ఉందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు కనబడలేదు.

ఒక చిన్న ముచ్చట కూడా చెబుతాను. మా పక్కింటి మరాఠీ ఆవిడ, మా అమ్మ ఒకే కథను రెండు భాషల్లో చూసేవారు. దాని మూలం మలయాళంలోని కరుత్తముత్తు. మరాఠీలో రంగ్ మాఝా వేగళా పేరుతో వచ్చింది. ఇద్దరూ గోడ దగ్గర నిలబడి తరువాత ఏం జరగబోతోందో ఒకరికొకరు చెప్పుకునేవారు. అదే కథ కార్తీక్ పూర్ణిమ పేరుతో హిందీలో 2020లో మొదలై కొద్ది వారాలకే లాక్‌డౌన్ దెబ్బకు ఆగిపోయింది. తెలుగులో పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు నడిచిన కథ మరో భాషలో పురిట్లోనే పోయింది కాబట్టి, ఆగిపోయిన ప్రతి కథా బాగాలేకనే ఆగిందని అనుకోకూడదు.

వంశధార (పర్లాకిమిడి)
సోమవారం, రాత్రి 8:50

ప్రాణహిత గారు చెప్పిన ఉదాహరణ సరైనదే, కాని అక్కడ పనిచేసింది రేటింగు పట్టికలో ఉన్న ప్రేక్షకుల కోపం అన్న సంగతి మరచిపోకూడదు. వాళ్ళు రిమోట్ తిప్పితే గురువారం నాటికి అంకె కదిలింది. మనం తిప్పినా ఆ అంకె కదలదు.

కొలాబ్ చెప్పిన అమెరికా సంగతులకు ఒక మాట కలుపుతాను. అక్కడ ఒక నెట్‌వర్క్ వదిలేసిన సీరియల్‌ను మరొకటి ఎత్తుకోవడం ఉంది. 2018 మేలో ఫాక్స్ రద్దు చేసిన బ్రూక్లిన్ నైన్-నైన్‌ను ఎన్‌బీసీ దాదాపు 31 గంటల్లోనే తీసుకుంది. అభిమానుల గోల ఎంత ఉన్నా, ఆ సీరియల్‌ను నిర్మించింది ఎన్‌బీసీకి సోదర సంస్థ అన్నది అంత త్వరగా నిర్ణయం జరగడానికి పెద్ద కారణం. మన దగ్గర ఇప్పటి డైలీ సీరియళ్ళలో ఎక్కువ భాగం చానెల్ డబ్బిచ్చి తీయించుకునేవే, హక్కులు కూడా చానెల్ దగ్గరే ఉంటాయి. అందువల్ల ఒక చానెల్ ఆపేసిన కథ మరో చానెల్‌లో మొదలయ్యే దారి దాదాపు మూసుకుపోయింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
సోమవారం, రాత్రి 9:35

నేను ముప్పై రెండేళ్ళు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. మీ అందరి కంటే పెద్దదాన్ని కాబట్టి కొంచెం వేరే మాట చెప్పనివ్వండి.

సీరియల్ ఆగడం నాకు తప్పుగా తోచదు. అభిషేకం సీరియల్ 2008 డిసెంబరులో మొదలై 2022 ఫిబ్రవరి 1న 4,000 ఎపిసోడ్లతో ముగిసింది. అది మొదలైనప్పుడు పుట్టిన నా మనవరాలు ముగిసేనాటికి ఎనిమిదో తరగతి చదువుతోంది. అంతకాలం ఒక కథను లాగవచ్చునా అన్నది నా సందేహం. మరోవైపు అమృతం 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా వారానికొక్కసారి వచ్చి 313 ఎపిసోడ్లలో పూర్తయింది. ఈనాటికీ పిల్లలు ఫోన్లలో చూస్తూ నవ్వుతున్నారు. ఆ ఆదరణ చూసే 2020 ఉగాదికి దానికి రెండో భాగం తెచ్చారు. నిడివి ఎంత అన్నదాని కంటే ముగించే పద్ధతి ఎలా ఉందన్నదే ముఖ్యం. రామాయణం చెప్పేవాడు యుద్ధకాండ మధ్యలో పుస్తకం మూసి వెళ్ళిపోతే వినేవాళ్ళు ఏమనుకుంటారు? ఋషికుల్య వాళ్ళ అమ్మగారి ప్రశ్న కూడా అదే. ఆ పిల్ల ఏమైంది అని ఆవిడ అడిగింది. సీరియల్ మళ్ళీ మొదలుపెట్టమని అడగలేదు.

రేడియో రోజుల్లో ఆకాశవాణి వాళ్ళు జాబులు-జవాబులు అని శ్రోతల ఉత్తరాలు చదివి సమాధానం చెప్పేవారు. మా ఇంట్లో పోస్టుకార్డులు కట్టగా కొని పెట్టుకునేవాళ్ళం. ఆ ఉత్తరం ఒడిశా నుంచి వచ్చిందా ఆంధ్ర నుంచి వచ్చిందా అని ఎవరూ చూడలేదు. మన ఊరి పేరు రేడియోలో వినబడితే వీధంతా సంతోషించేవాళ్ళం. చానెల్ వాళ్ళు నాలుగు వారాల ముందు "ఈ కథ ఫలానా తేదీన ముగుస్తుంది" అని తెర మీద చెప్పి, రచయితకు ఆ నాలుగు వారాలు ఇస్తే చాలు. మనం అడగవలసింది అదేనని నా అభిప్రాయం.

కొలాబ్ (జయపురం)
మంగళవారం, ఉదయం 6:50

మేడమ్ గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే లెక్కలోకి ఎక్కే దారి కూడా వెతుక్కోవాలి.

ఒక దారి నాకు కనబడుతోంది. చానెళ్ళకు సొంత యాప్‌లు ఉన్నాయి. యాప్‌లో చూసినప్పుడు మీటరు ఉన్న ఇల్లా లేని ఇల్లా అన్న ప్రశ్న లేదు, ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో అంతా వాళ్ళకు తెలుస్తుంది. జయపురంలో చూసినా హైదరాబాదులో చూసినా నిమిషం నిమిషమే. 2021 జూన్‌లో ఎన్‌బీసీ రద్దు చేసిన మానిఫెస్ట్ అనే సీరియల్ పాత ఎపిసోడ్లు నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చి వారాల తరబడి పైవరుసలో నిలిచాయి, ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ చివరి సీజన్ కింద 20 ఎపిసోడ్లు ఒప్పుకుంది. అంతకు ముందు ఫ్యామిలీ గై 2002లో ఆగిపోయి, డీవీడీలు విపరీతంగా అమ్ముడుపోవడం వల్ల, మరో చానెల్‌లో పునఃప్రసారాలకు ఆదరణ రావడం వల్ల 2005లో తిరిగి వచ్చింది. ఒక లెక్కలో ఓడిపోయిన కథలు రెండో లెక్కలో గెలిచాయి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు రోజూ అరగంట యాప్ పెట్టి ఇచ్చే బాధ్యత పిల్లలం తీసుకోవచ్చు.

నాగావళి (రాయగడ)
మంగళవారం, ఉదయం 11:20

కొలాబ్ తమ్ముడూ, మా అత్తగారికి ఫోన్ తెర మీద అక్షరాలు కనబడవు, నలుగురితో కూర్చుని చూడకపోతే ఆవిడకు చూసినట్టే ఉండదు. కుర్రవాళ్ళ వరకు నీ మాట బాగానే ఉంది.

రాత్రంతా నాకు వేరే ఆలోచన వచ్చింది. ఆ సీరియళ్ళ మధ్యలో వచ్చే ప్రకటనలు ఎవరివి? విశాఖపట్నం, విజయవాడ బట్టల దుకాణాలవి, బంగారు నగల దుకాణాలవి, ఆసుపత్రులవి. మా చెల్లెలి పెళ్ళికి పట్టుచీరలు ఎక్కడ కొన్నాం? విశాఖపట్నంలో, అదీ టీవీలో చూసిన దుకాణంలోనే. మా మామగారి గుండె ఆపరేషన్ ఎక్కడ జరిగింది? అక్కడే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ నుంచి పెళ్ళి బట్టలకూ వైద్యానికీ రైలెక్కి ఎంతమంది విశాఖపట్నం వెళుతున్నారో స్టేషన్‌లో నిలబడితే కళ్ళకు కనబడుతుంది. ఒడిశా పద్దులో పడిన మన చూపు విశాఖపట్నం దుకాణం గల్లాపెట్టెలో డబ్బుగా మారుతోంది. ఆ సంగతి ఆ దుకాణం యజమానికి తెలిసినా, అది తన ప్రకటన వల్లనేనని చెప్పే కాగితం ఆయన చేతిలో లేదు. ఉత్తరం చానెల్‌కు రాస్తే దస్త్రంలోకి పోతుంది. ప్రకటన ఇచ్చేవాడికి రాస్తే?

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
మంగళవారం, మధ్యాహ్నం 12:05

నాగావళి అక్కా, ఈ మాట ఇన్నాళ్ళూ మాకెవరికీ తోచలేదు. మేము పెళ్ళి బట్టలకు మంచిర్యాల, వరంగల్ వెళతాం. మా వైపు నుంచి కూడా రాయవచ్చు.

వంశధార (పర్లాకిమిడి)
మంగళవారం, రాత్రి 9:15

పదకొండేళ్ళు ఆ పనిలో ఉన్నాను, ఇలా ఆలోచించిన ప్రేక్షకులను నేను చూడలేదు. నాగావళి గారి మాటలో బలం ఉంది. ప్రాంతీయ ప్రకటనదారుడు పది సెకన్లకు ధర మాట్లాడేటప్పుడు తన దుకాణానికి జనం ఎక్కడెక్కడి నుంచి వస్తున్నారో తెలుసుకోవాలనుకుంటాడు. పెద్ద దుకాణాల్లో బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు, ఊరు అడిగేది కూడా కొంతవరకు అందుకే. మనం బిల్లు మీద బంధువుల చిరునామా చెప్పకుండా మన ఊరి పేరే రాయించుకోవాలి. నా అనుభవంలో ఒడిశా నుంచి వచ్చిన కొనుగోలుదారుల్లో చాలామంది శ్రీకాకుళం అనో విజయనగరం అనో చెప్పేస్తారు, సులువుగా ఉంటుందని.

ఉత్తరంలో కోపం వద్దు, మూడు విషయాలు ఉంటే చాలు. మేము ఎక్కడ ఉంటామో, మీ ప్రకటన ఏ చానెల్‌లో ఏ వేళకు చూశామో, మీ దగ్గర ఎప్పుడు ఎంత కొన్నామో రాయాలి. ఆపైన మహేంద్రతనయ మేడమ్ గారు చెప్పిన కోరిక చేర్చాలి: కథ ఆపేటప్పుడు నాలుగు వారాల ముందు చెప్పేలా చానెల్‌తో మాట్లాడమని అడగాలి. దీనితో ఆగిపోయిన సీరియల్ తిరిగి వస్తుందని నేను చెప్పను. వచ్చే సీరియల్‌కు ధర మాట్లాడే గదిలో మన ఊళ్ళ పేర్లు ఒక్కసారి వినబడినా అది కొత్త విషయమే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
బుధవారం, ఉదయం 8:00

ఉత్తరం ముసాయిదా నేను రాస్తాను. చేతిరాతతో రాస్తే చదివేవాడికి మనిషి కనబడతాడు కాబట్టి, దాన్ని చూసి ఎవరికి వారు తమ చేతితో రాయాలి. తెలుగు రాయడం రాని పిల్లలు ఒడియా లిపిలో తెలుగు మాటలు రాసినా ఫరవాలేదు, అదీ మన సంగతి చెబుతుంది.

ఋషికుల్య (బరంపురం)
బుధవారం, రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం అమ్మకు చదివి వినిపించాను. మీటరు సంగతి విన్నప్పుడు ఏమీ మాట్లాడలేదు. నాగావళి గారి మాట దగ్గర నన్ను ఆపి మళ్ళీ చదవమంది. తరువాత బీరువా తెరిచి, నిరుడు మా అక్క పెళ్ళికి విశాఖపట్నంలో కొన్న చీరల బిల్లులు తీసి నా ముందు పెట్టింది. మూడు బిల్లులు, మొత్తం 86,400 రూపాయలు. వాటిలో రెండింటి మీద ఊరి పేరు ఇచ్ఛాపురం అని ఉంది. వంశధార గారు చెప్పినట్టే, అది మేమే చెప్పిన చిరునామా.

రేపు సాయంత్రం ఏడున్నరకు మా ఇంటికి వచ్చే ఆడవాళ్ళందరినీ తమ తమ బిల్లులు తీసుకురమ్మని అమ్మ కబురు పెట్టింది. ఆ వేళకు కొత్త సీరియల్ మొదటి వారం నడుస్తోంది, టీవీ కట్టేసి ఉత్తరాలు రాస్తారట. మేడమ్ గారూ, ముసాయిదా రేపు మధ్యాహ్నంలోగా ఇక్కడ పెట్టగలరా? అమ్మ ఒక వాక్యం చేర్చమంది: "ఆ పిల్ల దొరికిందో లేదో మీకు తెలిస్తే మాకు రాయండి."